ముందు వరుసలో మూడో కుర్చీ

ఉత్తర సదస్సు అంటే మాకు మూడు లారీల సామాను. ప్రతి నవంబరులో కువైట్‌లోని మా దజీజ్ గోదాము నుంచి బయలుదేరుతుంది. వేదిక చెక్కలు, తెరలు, నాలుగు వందల కుర్చీలకు తెల్ల తొడుగులు, మైకులు, జెండా కర్రలు, ఇవన్నీ పోను ఒక గాజు పెట్టె. ఆ పెట్టెలో ఒక బుల్లి పట్నం ఉంటుంది. దేశానికి ఉత్తరాన, ఇసుక తప్ప ఏమీ లేని చోట, రాబోయే పట్నమట. దాని గురించి మాట్లాడుకోవడానికే ఏటేటా పెద్ద అధికారులూ, పెద్ద వ్యాపారులూ సముద్రం ఒడ్డున హోటల్లో చేరతారు. ఎనిమిదేళ్లుగా ఆ పట్నాన్ని మోస్తున్నది నేను, దుమ్ము తుడుస్తున్నది నేను. మూడో ఏడు అందులో ఒక మేడ ఊడిపోతే బంక పెట్టి అతికించింది కూడా నేనే. నాకు తెలిసి ఆ పట్నంలో ఇంతవరకు జరిగిన నిర్మాణం అదొక్కటే.

నా పేరు బాలసుబ్బయ్య. మాది చిట్వేలి దగ్గర పల్లె. కువైట్‌కు వచ్చి పందొమ్మిదేళ్లయింది. సభలకూ పెళ్లిళ్లకూ సామాను అమర్చే కంపెనీలో పని. కుర్చీలు వేయడం, కుర్చీలు తీయడం, మధ్యలో అవసరమైతే కుర్చీలో కూర్చోవడం.

ఆ కూర్చోవడం సంగతి చెప్పాలి. సదస్సు అంతా ఫోన్లలో లైవ్ వస్తుంది, ఆ లింకు ఏటేటా నా భార్యకూ పంపుతాను. ముందు వరుస కెమెరాలో పడుతుంది కాబట్టి అక్కడ కుర్చీ ఖాళీగా కనపడకూడదు. పిలిచిన పెద్దమనుషుల్లో సగంమంది రారు, వచ్చినవాళ్లలో కొందరు టీ తాగి వెళ్లిపోతారు. అందుకని మా గోదాములో తొడుక్కునే సూటు కోట్లు ఐదు ఉన్నాయి. ఖాళీ పడిన కుర్చీలో మాలో ఒకడు కోటు తగిలించుకుని కూర్చోవాలి. ఫోన్ ముందే ఇచ్చేయాలి. మా సూపర్‌వైజర్ నయీమ్ వాటిని ఒక బిస్కెట్ డబ్బాలో వేసి తన దగ్గర పెట్టుకుంటాడు. ఇక కునుకు తీయకూడదు, ముక్కు గోక్కోకూడదు, పక్కవాళ్లు చప్పట్లు కొడితే కొట్టాలి. చెవులకు యంత్రం పెట్టుకోవాలి. అందులో ఒక మీట నొక్కితే అరబ్బీ, ఇంకోటి నొక్కితే ఇంగ్లీషు. నాకు రెండూ ఒకటే. నాకు తెలిసిన అరబ్బీ అంతా ఎత్తు, దించు, పక్కకు జరుపు, యల్లా అంటే త్వరగా కానీ. ఆ పట్నం గురించి మాట్లాడేవాళ్లు ఆ మాటలు ఒక్కటీ వాడరు.

నా భార్య సుబ్బరత్నమ్మ కూడా కువైట్‌లోనే ఉంది. తొమ్మిదేళ్ల కింద ఇంటిపనికి వచ్చింది. ఇద్దరం ఒకే దేశంలో ఉంటామని అప్పుడు మా పల్లెలో అందరూ అదృష్టమన్నారు. ఆమె పనిచేసే ఇల్లు రిగ్గైలో. నేను పడుకునే గది దజీజ్ గోదాము వెనకాల. కార్లో పోతే పావుగంట. ఆ పావుగంట దూరాన్ని తొమ్మిదేళ్లలో మేము దాటలేకపోయాం.

మొదట్లో నెలకొక శుక్రవారం రెండు గంటలు వదిలేవాళ్లు. ఆ వీధి చివర కొట్టు ముందు నిలబడి మాట్లాడుకునేవాళ్లం. రెండేళ్ల కింద ఆ ఇంటి పెద్దావిడ మంచాన పడింది. ఆమెను కడిగి, తినిపించి, పక్క మార్చడం రత్నమ్మ పనైంది. శుక్రవారాలు పోయాయి. చివరిసారి పదకొండు వారాల కింద కలిశాం. ఆమె చెత్త పడేయడానికి కిందికి వస్తానంటే నేను పోయి చెత్త డబ్బా పక్కన నిలబడ్డాను. మూడు నిమిషాలు. అందులో ఒక నిమిషం ఆమె పైకి, మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, నిలబడే కిటికీ వైపు చూస్తూనే ఉంది.

పోయిన నెలలో పెద్దావిడ కన్నుమూసింది. ఇంక మనిషి అక్కర్లేదని ఆ ఇంటివాళ్లు రత్నమ్మ ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, రద్దు చేయించి టికెట్ చేతిలో పెట్టారు. చెన్నై విమానం, సాయంత్రం నాలుగూ పదికి. సరిగ్గా ఉత్తర సదస్సు రోజే. ఇంక ఆమె తిరిగి రాదు. నా ఇఖామా ఇంకా రెండేళ్లుంది.

ఆ ముందు రోజు ఫోన్లో నేనే చెప్పాను. "మామా వాళ్ల డ్రైవరు నిన్ను పన్నెండుకల్లా దింపేస్తాడు గదా. లోపలికి పోబాకు. బయట కుర్చీలుంటాయి, ఆడ కూర్చో. పన్నెండున్నరకు సెలవు అడిగినా. ఒంటిగంటకంతా నీ పక్కన ఉంటా."

"నువ్వు రావులే," అంది రత్నమ్మ.

"ఎందుకు రాను?"

"ఎవురో ఒక సారు వస్తాడు. సుబ్బయ్యా, ఈ కుర్చీ ఆడ ఎయ్యి అంటాడు. నువ్వు ఏస్తావు. తొమ్మిదేండ్లాయె, నా కోసరం ఒక్కనాడన్నా పని ఇడిసిపెట్టి లేసి వచ్చినావా?"

"ఈసారి వస్తా. ఆకాశం ఇరిగి మీద పడినా వస్తా."

"రెండున్నర దాకా బయటే ఉంటా. దాని పైన ఉంటే విమానం పోతాది," అని పెట్టేసింది.

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు, అందుకే నాకు ఒళ్లు మండింది. ఒక గంట కావాలి నాకు. మామా ఉండదు, కిటికీ ఉండదు, నయీమ్ ఉండడు. ఇద్దరం పక్కపక్కన ఒక గంట కూర్చోవాలి. ఏం మాట్లాడాలో కూడా అనుకోలేదు. కూర్చుంటే చాలు. కూర్చోవడం నా వృత్తే కదా.

సదస్సు పది గంటలకు మొదలు కావాలి. ముఖ్యమైన పెద్దాయన పదకొండున్నరకు వచ్చాకే మొదలైంది. పదకొండూ ఇరవైకి నేను గాజు పెట్టె మీద వేలిముద్రలు తుడుస్తుంటే నయీమ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. హైదరాబాద్ మనిషి, చెడ్డవాడు కాదు, కానీ భయస్థుడు. భయస్థుల కింద పనిచేయడం చెడ్డవాళ్ల కింద పనిచేయడం కన్నా కష్టం.

"సుబ్బన్నా, ముందు వరుసల మూడో కుర్చీ ఖాళీ పడ్డది. పెద్దాయన ఒస్తుండు. కోటేస్కొని జర కూసో."

"నాకు పన్నెండున్నరకు సెలవిచ్చినావు గదప్పా. మా ఆడమనిషి ఊరికి పోతాంది. నీకు ఎరికే గదా."

"ఎరికే అన్నా. పన్నెండున్నరకల్లా ఖలాస్. నేనే టాక్సీ ఎక్కిస్త నిన్ను. ఇంకెవ్వల్లేరు, అందరు కోట్లల్లనే ఉన్నరు. నా ఇజ్జత్ కాపాడు."

ఆ మాటకు నేను కోటు తొడుక్కున్నాను. ఫోన్ బిస్కెట్ డబ్బాలో పడేశాను. రత్నమ్మ చెప్పినట్టే ఒక సారు వచ్చాడు, కుర్చీ చూపించాడు, నేను కూర్చున్నాను. తిట్టుకోవలసింది నయీమ్‌ను కాదు.

వేదిక కింద మాట్లాడేవాళ్లకు మాత్రమే కనిపించేటట్టు ఒక గడియారం పెడతాం. ఇరవై నిమిషాల నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. సున్నా అయ్యాక అంకెలు ఎర్రబడి, ఎంత ఆలస్యమైందో చూపిస్తూ మళ్లీ పెరుగుతాయి. మూడో కుర్చీలోంచి అది నాకూ కనపడుతుంది. పెద్దాయనకు ఇరవై నిమిషాలిచ్చారు. ఎర్ర అంకెలు పది దాటాయి, ఇరవై దాటాయి. ముప్పై దాటిన తర్వాత ఆయన నీళ్లు తాగాడు. అయిపోయిందనుకుని నేను చప్పట్లు కొట్టబోయాను. ఆయన ఇంకో కాగితం తీశాడు.

గోడ గడియారం పన్నెండున్నర చూపించింది. తల తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పి నయీమ్ కోసం వెతికాను. తెర పక్కన నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ కిందికి ఊపి, కూర్చో కూర్చో అని సైగ చేశాడు. పెద్దాయన దిగాడు, ఇంకొకాయన ఎక్కాడు. ఈయన ఓడరేవు గురించి. ఓడల బొమ్మలు తెర మీద అటు ఇటు తిరిగాయి. ఒంటిగంట అయింది. ఇంకొకాయన ఎక్కాడు.

ఆ కుర్చీలో నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. చెవుల్లో ఎవరో ఆడమనిషి గొంతుతో గబగబా ఆ ఉత్తరపు పట్నాన్ని ఇంగ్లీషులోకి మారుస్తోంది. చుట్టూ నాలుగు వందలమంది ఉన్నారు, కుడిపక్కాయన అత్తరు వాసన నా ముక్కులోనే ఉంది, అయినా గోదాములో ఒంటరిగా పడుకున్నప్పుడు కూడా అంత ఒంటరితనం నాకు అనిపించలేదు. పావుగంట దూరంలో తొమ్మిదేళ్లు ఉంచేసుకున్నాను ఆమెను. ఇప్పుడు ఈ చివరి గంట కూడా ఎవరో రాని మనిషి కుర్చీకి ఇచ్చేస్తున్నాను. ఆ రాని మనిషి హాయిగా ఇంట్లో పెళ్లాం పక్కన కూర్చుని ఉంటాడు.

ఒంటిగంటా ఇరవైకి లేచాను.

ఏం జరుగుతుందని కూడా అనుకోలేదు. చెవి యంత్రం తీసి కుర్చీలో పెట్టాను. వేదిక మీదాయన మాట్లాడుతూనే ఉన్నాడు. ముందు వరుస ముందు నుంచే, పెద్దపెద్దవాళ్ల మోకాళ్లకూ వేదికకూ మధ్య నుంచే నడిచాను. ఎవరూ ఆపలేదు. నయీమ్ తెర పక్కన లేడు. ఫోన్ అడగాలంటే వాణ్ణి వెతకాలి, వెతికితే వాడు కాళ్లావేళ్లా పడతాడు, నేను మెత్తబడతాను. నా సంగతి నాకు తెలుసు. ఫోన్ వదిలేసి బయటికి పోయాను. ఎనిమిదేళ్లలో ఆ హోటల్ ముందు తలుపులోంచి ఎప్పుడూ నడవలేదు. కోటు చూసి కాపలావాడు తలుపు తీసి పట్టుకున్నాడు.

ఎండలో నిలబడి చెయ్యెత్తితే నాలుగో టాక్సీ ఆగింది. దారిలో రెండు చోట్ల బండ్లు కదల్లేదు. టాక్సీవాడు నన్ను సార్ సార్ అంటున్నాడు. నాకు ఒకటే సంతోషం. లేచి వచ్చినానమ్మే, చూడు, అందరి ముందూ లేచి వచ్చినా అని మొదటి మాట అదే అనాలని అనుకున్నాను. అనుకుంటుంటే నవ్వొచ్చింది. పందొమ్మిదేళ్లలో నేను చేసిన ఘనకార్యం అదొక్కటే.

విమానాశ్రయంలో దిగేసరికి రెండూ పది.

బయట కుర్చీల నిండా జనం. తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు, దుప్పట్ల మూటలు, ముసుగులు కప్పుకున్న ఆడవాళ్లు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. రత్నమ్మ లేదు. మళ్లీ చూశాను. ఇంకో ద్వారం దగ్గరికి పరుగెత్తాను. మనవాళ్లలాగా కనిపించిన ఒకామెను అడిగితే, "తెలీదు నాయనా, లావుగా ఉంటాదా సన్నంగా ఉంటాదా?" అంది. పదకొండు వారాల్లో సన్నబడిందో లేదో నాకు తెలియదు. తల ఊపి వచ్చేశాను.

టికెట్ లేనివాణ్ణి లోపలికి పోనివ్వలేదు. ఎవరి ఫోనైనా అడిగి మాట్లాడదామంటే ఆమె నంబరు నాకు నోటికి రాదు. ఫోన్లో ఆమె పేరు నొక్కడమే వచ్చు. భార్య నంబరు నోటికి రాని మొగుణ్ణి నేను. రెండున్నర అయింది. మూడయింది. బహుశా మరుగుదొడ్డికి పోయిందేమో, ఏదో మూల కూర్చుందేమో అని తిరుగుతూనే ఉన్నాను. తర్వాత కోపంతో ముందే లోపలికి వెళ్లిపోయిందని అర్థం చేసుకున్నాను. రెండున్నర దాకా ఉంటానని కూడా ఉండలేదంటే ఎంత కోపమో. నాలుగున్నరకు బయటి పలకలో చెన్నై విమానం పక్కన వెళ్లిపోయినట్టు పడింది. ఆ తర్వాత కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను.

బస్సులో హోటల్‌కు తిరిగి వచ్చేసరికి ఆరు కావస్తోంది. సదస్సు అయిపోయింది, మావాళ్లు తొడుగులు ఊడదీస్తున్నారు. నయీమ్ నన్ను చూసి తిడతాడనుకున్నాను. వాడు బిస్కెట్ డబ్బా తెచ్చి నా ఫోన్ నాకిచ్చాడు.

"ఎటు వోయినవన్నా? నేను జరసేపు లోపటికి వోయి వచ్చెవరకు కుర్చీ ఖాళీ. హోటల్ల సామాన్లు మోసెటోడు ఒకడుంటే వాణ్ణి గూసోబెట్టిన."

"అందరి ముందర లేసిపోయినా. ఎవురూ ఏమనలేదా?"

"ఎవ్వలు సూస్తరన్నా? కెమెరా అప్పుడు తెర మీది బొమ్మల కాడ ఉండె. నువ్వు లేసింది ఒక్కలు సూడలే. భయపడకు." నా భుజం తట్టి వెళ్లిపోయాడు. వాడికి అది మంచి కబురు.

ఒక తొడుగు తీసిన కుర్చీలో కూర్చుని ఫోన్ తెరిచాను. రత్నమ్మ నుంచి మాటల సందేశాలు నాలుగు ఉన్నాయి. ఆమెకు రాయడం రాదు, మాట్లాడి పంపుతుంది. చెవికి ఆనించుకున్నాను.

మొదటిది పన్నెండూ ఇరవైకి. "యో, దిగినా. పెద్ద గాజు తలుపు ఎదురుగా కూర్చోనుండా. చిత్రాన్నం కలిపి తెచ్చినా, ఈడికి వచ్చినాక తిందువు. నువ్వేం తినబాకు."

రెండోది ఒంటిగంటా పదికి. "నీ ఫోను పలకదు. నేను సెప్పలా నువ్వు రావని? పందొమ్మిదేండ్లు కుర్చీలు మోసినావు, ఇంగో పందొమ్మిదేండ్లు మోసుకో." గొంతు బొంగురుపోయి ఉంది.

మూడోది ఒంటిగంటా యాభై రెండుకు. అందులో ముందు నవ్వు వినపడింది.

"ఓయ్, నిన్ను సూసినా! దేవిక అని ఒక కోడూరు పిల్ల నా పక్కన కూర్చోనుంది. నువ్వు ఏటేటా పంపిస్తావే సదస్సు లింకు, ఆ పిల్ల దాన్ని నొక్కి సూపెట్టింది. ముందర వరసలో కోటేస్కోని ఉండావు. మా ఇంటాయన అంటే ఆ పిల్ల నమ్మలేదు. అయ్యో, ఫోను ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు తెలిసింది నాకు. అంత పెద్దోళ్ల మధ్యలో కూర్చోబెట్టినారే నిన్ను. లెయ్యాలని ఉంది నీకు, మొగం సూస్తే తెలుస్తాంది. మాటిమాటికీ ముందరికి వంగుతాండావు. లెయ్యబాకు. గమ్మున కూర్చో. నేను సూస్తాంటా. నిన్ను ఇంతసేపు సూసి ఎన్నేండ్లయిందో."

నాకు అర్థం కాలేదు. ఒంటిగంటా యాభై రెండుకు నేను టాక్సీలో ఉన్నాను. ఆమె నన్ను కుర్చీలో ఎట్లా చూసింది? వేదిక పక్కన సమీవుల్లా తీగలు చుట్టుకుంటున్నాడు. రాయచోటి మనిషి, లైవ్ నడిపేది అతనే. అతన్ని అడుగుదామని నోరు తెరిచాను. అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది. నేను లేచిన కాసేపటికే భోజనాలకు వదిలి ఉంటారు. విరామంలో లైవ్ ఆపకూడదు, ఆపితే చూసేవాళ్లు వెళ్లిపోతారట. అందుకని ప్రతి ఏడూ భోజనాల వేళ సమీవుల్లా పొద్దుటి సభనే మొదటి నుంచి మళ్లీ తిప్పుతాడు. మూలలో చిన్న అక్షరాలతో ఇది రికార్డింగని అరబ్బీలో, ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఎనిమిదేళ్లుగా నాకు తెలిసిన సంగతి. రత్నమ్మకు చెప్పాలని ఎన్నడూ తోచలేదు. తొమ్మిదేళ్లలో అది తెరిచి చూసే తీరిక ఆమెకు దొరికింది ఈరోజే.

నాలుగోది సరిగ్గా రెండు గంటలకు.

"లోపలికి పోతాండా. రెండున్నర దాకా కాసుకోని ఉందామనుకుంటి గానీ, నువ్వాడ కూర్చోనుంటే నేనీడ ఉండి ఏం లాభం? దేవికకు లోపల దోవ తెలుసంట, ఆ పిల్లతో పాటు పోతా. చిత్రాన్నం ఇద్దరం తినేసినాం. నిన్న అట్ల అన్నానని మనసులో పెట్టుకోబాకు. కోపం పోయింది నాకు. నువ్వు బాగుండావు, కోటు భుజాల కాడ వదులైంది గానీ బాగుండావు. కండ్లనిండా సూసినా. నిమ్మళంగా పోతాండా."

ఆమె లోపలికి నడిచిన పది నిమిషాలకు నేను ఆ గాజు తలుపు ఎదురుగా దిగాను. కూర్చున్న నన్ను చూసింది. లేచిన నన్ను చూడలేదు. ఆమే కాదు, ఈ భూమ్మీద ఎవరూ చూడలేదు.

మీట నొక్కి పట్టుకుని ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాను. "రత్నమ్మా, నేను లేసినానమ్మే. అందరి ముందర లేసి వచ్చినా. రెండూ పదికి ఆ తలుపు కాడ..." అక్కడ ఆపేశాను, వేలు మాత్రం మీట మీదే ఉంచాను. ఆమె ఇది చెన్నైలో దిగి, సామాను కోసం నిలబడి వింటుంది. పది నిమిషాలు అని వింటుంది. నిమ్మళంగా పోయిన మనిషి. ఆ దేవికతో పాటు లేవకుండా ఉంటే, ఆ కుర్చీలోనే ఇంకాసేపు కూర్చుని ఉంటే అని బతికినన్నాళ్లూ తలుచుకుంటుంది. నాకు తెలుసు ఆమె సంగతి. నేను ఒక్కణ్ణి తలుచుకుంటే సరిపోదా?

ఆ సందేశాన్ని పంపకుండానే చెరిపేశాను. చుట్టూ మావాళ్లు కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తున్నారు. వాళ్లు అటు జరిగేదాకా ఆగి మళ్లీ నొక్కాను.

"ఔనమ్మే, ముందర కూర్చోబెట్టినారు. లేద్దామనుకున్నా గానీ నా వల్ల కాలేదు. ఆఖరు దాకా ఆడనే ఉండా. లోపలికి పోయి మంచి పని చేసినావు. నువ్వు రెండున్నర దాకా కాసుకోనున్నా నేను వచ్చేవోన్ని కాదులే."